చుక్కలమందు ఏ బిడ్డకు?

ప్రభుత్వ దవాఖాన గోడల మీద 'తల్లీ బిడ్డా క్షేమం' అని రాసి ఉంటుంది. నా ఉద్యోగమంతా ఆ రాత కిందే గడిచింది. ఆ రాతను మా దగ్గరి తల్లులు ఇంకోలా చదువుకుంటారన్న సంగతి మాత్రం ఉద్యోగం చివరి రోజుల దాకా నాకు తట్టలేదు.

మన దిక్కు బిడ్డ అంటే కూతురు. తల నెరిసిన కూతురైనా తల్లికి బిడ్డే. ఇంట్లో మగపిల్లవాడు పుడితే కొడుకు అంటారు, పిలగాడు అంటారు, ముద్దొస్తే పోరడు అంటారు. బిడ్డ అని మాత్రం అనరు. మా శాఖ కాగితాల్లో ఏమో పుట్టిన ప్రతి పసికందూ బిడ్డే. ఈ తేడా వల్ల ఒక పిల్ల ప్రాణం మీదికి వచ్చింది. ఆ తేడా బయటపడటం వల్లే ఆ ప్రాణం దక్కింది కూడా. కొత్తగా ఈ కొలువులోకి వచ్చిన నర్సమ్మలు, ఆశా చెల్లెళ్లు చదువుతారని రాస్తున్నాను. పేర్లు రాయను. ఊరి పేరూ రాయను. ఆ పిల్ల ఇప్పుడు కొడుకును బడికి పంపుకుంటూ హాయిగా బతుకుతోంది. ఆమె సంగతి నలుగురిలో పెట్టే హక్కు నాకు లేదు.

నారాయణఖేడ్ నుంచి నాగల్‌గిద్ద దిక్కు పోయే దారిలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఒక చిన్న దవాఖాన. నేను ఖేడ్‌లో ఉంటూ రోజూ ఆటోలో పోయి వచ్చేదాన్ని. ఆటోలో సగం మంది కన్నడం, సగం మంది తెలుగు. కంది చేలు పూతకు వస్తే దారంతా పసుపు. ఆ దారిలోనే నా పొద్దుటి ప్రార్థన అయిపోయేది. మా నాయన ఉపదేశి. ఊరూరా సైకిల్ మీద తిరిగి వాక్యం చెప్పేవాడు. అన్నం తినక ముందే వాక్యం నోటికి రావాలనే ఇల్లు మాది. నాకు నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు కూడా ఆయన, "ఇది కూడా సేవే తల్లీ, జీతం వచ్చే సేవ" అని నవ్వాడు.

ఆ రోజుల్లో మా దవాఖానకు కోస్తా నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. మంచివాడు. రోగి మీద చెయ్యి వేసి మాట్లాడేవాడు. ప్రతి మాటకూ చివర 'అండీ' తగిలించేవాడు. మా ఆశా కార్యకర్త అక్కడి మనిషే. నోరు పెద్దది, గుండె ఇంకా పెద్దది. "సారు మాట్లాడుతుంటే సినిమా సూసినట్టున్నది. ఏం జెప్పిండో ఇంటికి వోయినంక యాదికొస్తలేదు" అనేది. ఆ ఎగతాళిలో నిజం ఎంత ఉందో ఆ టీకాల రోజు తెలిసింది.

టీకాల రోజు మా వరండా సంతలా ఉంటుంది. ఒకడు ఏడిస్తే అందరూ అందుకుంటారు. ఆ గోలలో ఒక అమ్మమ్మ మనవణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. సన్నగా, ఎండకు వాడిన మనిషి. నెత్తి మీద కొంగు, నుదుట రూపాయంత బొట్టు. పిల్లవాడికి సూది వేయించి, వాడి ఏడుపు అణిగాక కూడా కదలకుండా నిలబడింది.

"జరం వస్తే గోలీ ఇచ్చిన గద. ఇంకేంది?" అన్నాను.

"నా బిడ్డకు వేరే మందేమన్న ఇప్పియ్యి సిస్టరమ్మ. సారు ఇచ్చిన చుక్కలమందు పన్జేస్తలేదు. కన్ను మూస్తనే లేదు."

నేను పిల్లవాడి వంక చూశాను. ఏడ్చి అలసి, అంత గోలలోనూ నోరు తెరుచుకుని అమ్మమ్మ భుజం తడిపేస్తూ నిద్రపోతున్నాడు.

"వీడేనా కన్ను మూయనిది?"

"వీడెందుకు? వీడు బస్త వడ్డట్టు పంటడు. నా బిడ్డ సిస్టరమ్మ. వీని తల్లి."

"మరి చుక్కలు ఎవరికి ఏసినవ్?"

"బిడ్డకే. సారు బిడ్డకు ఎయ్యమన్నడు గద. పూటకు ఐదన్నడు. గంత మనిషికి ఐదు చుక్కలు ఏం సాల్తయని నేనే పది ఏసిన."

పక్కన పేర్లు పిలుస్తున్న ఆశా పగలబడి నవ్వింది. "ఓ చిన్నమ్మా! గవి పోరగాళ్ల కడుపుబ్బరం చుక్కలే!" నాకూ నవ్వు ఆగలేదు. వరండాలో తల్లులందరూ నవ్వారు.

ఆమె నవ్వలేదు. "నవ్వుకోండ్రి. నా ఇంట్ల పోరి సచ్చేటట్టున్నది" అంది.

సూదుల ట్రే పక్కన పెట్టి, ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పించాను.

జరిగింది ఇదీ. కిందటి వారం ఆమె పిల్లవాణ్ణి ఎత్తుకుని డాక్టరు దగ్గరికి వచ్చింది. బాలింత గడప దాటకూడదు కాబట్టి కూతురు రాలేదు. "నా బిడ్డ పంటలేదు సారు" అంది. చేతిలో పసివాడు, నోట బిడ్డ అన్న మాట. డాక్టరు ఇంకేం అనుకుంటాడు? చంటిపిల్లలకు కడుపు ఉబ్బితే అలాగే ఏడుస్తారని, చుక్కలు రాసి పంపించాడు. ఇద్దరూ నిజమే మాట్లాడారు. ఆ మాట మాత్రం ఇద్దరి మధ్యలో నిలబడి చెరొక ముఖం చూపించింది.

డాక్టరు గదిలోకి పోయి చెప్తే ఆయన ముఖం వాడిపోయింది. "నేను బాబు గురించి అనుకున్నానండీ..." అని నుదురు పట్టుకున్నాడు. తర్వాత నాతో అన్న మాట నేను మరచిపోలేదు. "సిస్టర్, బాలింతలందరికీ నిద్ర తక్కువే. పిల్లాడు లేపుతాడు కాబట్టి. అది అలసట. కానీ పిల్లాడు పడుకున్నాక, ఇంకొకరు చూసుకుంటున్నా కూడా తల్లికి నిద్ర రాకపోతే, అది మనసుకు తగిలిన జబ్బు. ముందు ఆ ఒక్కటీ అడిగి రండి. పిల్లాడు అనండి. బిడ్డ అని మాత్రం అనకండి."

టీకాలు అయిపోగానే నేనూ ఆశా ఆ అమ్మమ్మతో పాటే ఆటో ఎక్కాం.

ఇల్లు చిన్నది, శుభ్రంగా ఉంది. లోపలి గదిలో కిటికీ మూసి ఉంది. కుంపట్లో వేసిన సాంబ్రాణి పొగ. మంచం మీద ఆ పిల్ల గోడకు ఆనుకుని కూర్చుంది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కళ్ల కింద మసి పూసినట్టు నలుపు. కాళ్ల దగ్గర మడిచిన పక్కబట్టలు. పగలు పడుకోనివ్వడం లేదని వాటిని చూస్తేనే తెలుస్తోంది.

"పొద్దుమీకి పంటె ఒళ్లు నీరు పడ్తది. మా అవ్వ నన్ను పండనిచ్చిందా? నేను బతుకలేదా?" అంది అమ్మమ్మ, నేను అడగకముందే.

దిండు కింద కొడవలి పిడి కనిపించింది. బాలింతకు గాలి సోకకుండా ఇనుము పెట్టడం మన దగ్గర మామూలే. కానీ ఆ పిల్ల కళ్లు చూశాక ఆ కొడవలి అక్కడ ఉండటం నాకు నచ్చలేదు. ఆశాకు కళ్లతో చూపించాను. ఆమె ఎంత తెలివైనదంటే, "చిన్నమ్మా, గీ కొడవలి ఇయ్యి, బర్రెకు గడ్డి గోస్త" అని లాగేసింది.

"ఇనుము లేకుంటె ఎట్లనే?"

"ఇనుమే గద? గీ తాళంచెయ్యి ఇనుముది గాదా? గాలికి కొడవలైతేంది, తాళంచెయ్యైతేంది? గదేమన్న పదును సూస్తదా?" అని బొడ్లోంచి తాళంచెవి తీసి మంచం నవారుకు కట్టింది. అమ్మమ్మ ఆ ముడిని ఒకసారి లాగి చూసి సరే అంది.

వాళ్లిద్దరినీ పిల్లవాడితో బయటికి పంపి నేను మంచం మీద కూర్చున్నాను.

"పిలగాడు పన్నప్పుడు నువ్వు పంటవా?"

"కండ్లు మూస్త. నిద్ర రాదు. వాని ఊపిరి ఇనుకుంట ఉంట. నేను గిట్ల నిద్రవోతే వాడు ఊపిరి బంజేస్తడు సిస్టర్."

"ఎవరన్నరు?"

"ఎవ్వలనలే. నాకెరుక."

ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి. చిన్నవాళ్లు ఈ ప్రశ్న దగ్గర భయపడతారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అనుకుంటారు. అలా పుట్టదు. లోపల ఒంటరిగా ఉన్న ఆలోచనకు తోడు దొరుకుతుంది, అంతే. నేను ఆమె చెయ్యి పట్టుకుని, సచ్చిపోవాలని అనిపిస్తున్నదా అని సూటిగా అడిగాను.

ఆమె తలుపు వైపు చూసింది. తల్లి లేదని రూఢి చేసుకుంది.

"బాయిల నీళ్ల దిక్కు సూడొద్దు అనుకుంట. కాళ్లు గటే గుంజుతయి. సచ్చుడు గాదు సిస్టర్... ఒక్కసారి పండాలె. గంతే."

బైబిలు చదివేవాళ్లకు ఆ ప్రవక్త గుర్తుంటాడు. ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అని అడవిలో చెట్టు కింద పడిపోయినవాడు. మా నాయన ఆ కథ చెప్పినప్పుడల్లా ఒక దగ్గర ఆగేవాడు. "చూసినారా? దేవుడు ఆయనకు ముందు ప్రసంగం పంపలేదు. నీ విశ్వాసం ఏమైంది అని అడగలేదు. రొట్టె పంపినాడు, నీళ్లు పంపినాడు, మళ్లీ పడుకోనిచ్చినాడు. మాట తర్వాత." చిన్నప్పుడు అది మాకు ఆకలి వేళ చెప్పే కథ. ఆ పొగ గదిలో కూర్చున్నాక గానీ అది నర్సులకు చెప్పిన కథ అని తెలియలేదు.

"ఇను తల్లీ," అన్నాను, "కునుకకుండ కావలి ఉండేటోడు పైన ఒక్కడున్నడు. గది ఆయన డ్యూటీ. నువ్వెందుకు చేస్తున్నవ్?"

ఆమె, "ఆయనకు పాలిచ్చుడు రాదు గద సిస్టర్" అంది.

ఆ మాటకు నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎంత అలసినా లోపల ఆ పిల్ల ఇంకా ఉంది. అది చాలు మనకు, పట్టుకుని పైకి లాగడానికి.

గుమ్మం బయటి నుంచి తల్లి గొంతు వినిపించింది. ఎంతసేపటి నుంచి నిలబడిందో. "నేను లేనా? నిన్ను ఎవరు సాకిన్రే?" అంది. ఆ వెంటనే కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది.

వెంటనే దవాఖానకు తీసుకుపోదామన్నాను. అప్పుడు అడ్డం వచ్చింది మొక్కు.

"రేపు గుడికి తోల్కవోతున్న. మూడు నిద్రలు చేపిస్తనని మొక్కిన. ఆటో కూడ మాట్లాడిన."

మూడు నిద్రలంటే మీకు తెలుసు, గుడిలో మూడు రాత్రులు గడపడం. పేరుకే నిద్ర. రాత్రంతా భజన, తాళాలు, డప్పులు. కన్ను మూస్తే పక్కనున్నవాళ్లు తట్టి లేపుతారు. కాదు అనబోయి ఆగాను. ఎందుకంటే మా చర్చి సంఘం స్త్రీలకు ఈ కబురు తెలిస్తే ఏం చేస్తారో నాకు తెలుసు. ఉపవాసముండి, ఆ పిల్లను మధ్యలో కూర్చోబెట్టి, తెల్లవార్లూ ప్రార్థిస్తారు. నేనే ముందు కూర్చుంటాను. ఎంత ప్రేమో! గుడికి పోయినా, మా దగ్గరికి వచ్చినా ఆ పిల్లకు దొరకనిది ఒక్క నిద్రే.

ఆ మాట దగ్గరే నాకు దారి కనిపించింది. అది నా తెలివి కాదని ఇప్పటికీ నమ్ముతాను.

"మొక్కు తప్పొద్దు. మూడు నిద్రలు చేద్దాం," అన్నాను. "మొదటి నిద్ర మా దవాఖానల చేపిద్దాం."

"దవాఖానల నిద్రేంది? గాడ దేవుడుంటడా?"

"ఉంటడు" అన్నాను. నా జీవితంలో అంత గట్టిగా నమ్మి చెప్పిన మాట ఇంకొకటి లేదు.

ఆశా ఊరుకుంటుందా? "దేవుడు లేకుంటె గీ ఉండని కరెంటుకు, గీ రాని నీళ్లకు గన్ని కాన్పులు ఎట్లయితున్నయ్ చిన్నమ్మా?"

అమ్మమ్మ కూతురి వంక చూసింది, నవారుకు కట్టిన తాళంచెవి వంక చూసింది. "తక్కిన రెండు?"

"పిల్ల మంచిగైనంక. నేను కూడ ఆటోల తోడొస్త."

"మరి పొద్దుమీకి పంటె నీరు పడ్తదంటరు..."

"పడ్తే నన్నడుగు."

"సరె. మీ దేవునికి నువ్వు జెప్పు. మా దేవునికి నేను జెప్పుకుంట" అంది, సంచిలో బట్టలు సర్దుతూ.

డాక్టరు అప్పటికే జిల్లా దవాఖానలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడి ఉంచాడు. మేం తీసుకొచ్చాక ఆమె ఆ పిల్లతో కూడా ఫోన్లోనే మాట్లాడింది. పాలిచ్చే తల్లికి సరిపడే మందు చెప్పింది. రేపు నా దగ్గరికి తీసుకురండి, అప్పటిదాకా ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు, పిల్లవాడి కోసం ఆమెను లేపొద్దు అంది. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టడం అమ్మమ్మకు నేను నేర్పబోతే, నా చేతిలోంచి గిన్నె లాక్కుంది. "నాకు నేర్పుతవా? గీమె పుట్టినప్పుడు నాకు జరమొచ్చి పాలియ్యలేదు. గిట్లనే సాకిన" అంది.

ఆ పైన జరిగింది ముందే చెప్పేస్తాను. ఒక్క నిద్రతో జబ్బు పోలేదు. పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. సంగారెడ్డిలో ఆ జిల్లా దవాఖానలోనే కొన్నాళ్లు ఉంచారు. నెలల తరబడి మందు వాడింది. హైదరాబాద్‌లో కూలి పనికి పోయిన పెనిమిటి ఆ కబురు విని వచ్చేసి, పంట కాలమంతా ఇక్కడే ఉన్నాడు. మొదట్లో, "గిదేం బీమారి, నిద్ర రాకుంటె కండ్లు మూసుకోవాలె గాని" అన్నవాడే, తర్వాత రోజూ సగం రాత్రి పిల్లవాణ్ణి తానే చూసుకున్నాడు. మందు తగ్గించేటప్పుడు డాక్టరమ్మ ఆమెకు నిద్రను మళ్లీ అలవాటు చేసింది. పొద్దున ఒకే వేళకు లేవడం, ఎండలో కూర్చోవడం, మాపటేళ చాయ్ మానడం, నిద్ర రాకపోతే మంచం మీద కుస్తీ పట్టకుండా లేచి కాసేపు కూర్చుని మళ్లీ పోవడం. మధ్యలో ఒకసారి మళ్లీ తిరగబెట్టింది. అప్పుడు మాత్రం అమ్మమ్మ చుక్కలు వేయలేదు, నేరుగా ఫోన్ చేసింది. "నా బిడ్డ... పెద్ద బిడ్డ, నా కూతురు, పిలగాని తల్లి... మళ్ల పంటలేదు" అని విడమరిచి చెప్పింది.

మా దవాఖానలో కూడా ఒక అలవాటు మొదలైంది. ఎవరు బిడ్డ అన్నా డాక్టరు కలం ఆపి, "ఏ బిడ్డ అమ్మా?" అని అడిగేవాడు. పిల్లవాణ్ణి చూశాక తల్లిని కూడా, "మరి నీకు నిద్ర పడ్తుందా?" అని అడిగేవాడు. 'పడుతోందా' అనడం మానేశాడని ఆశా ఎంత మురిసిందో!

ఏడాది తిరిగాక తక్కిన రెండు నిద్రలూ గుడిలో చేయించారు. డాక్టరమ్మ అనుమతి తీసుకుని మరీ. మాట ఇచ్చాను కాబట్టి ఆటోలో గుడి దాకా నేనూ పోయాను. డప్పులు మోగుతుండగానే ఆ పిల్ల తల్లి ఒళ్లో తల పెట్టి నిద్రపోయిందట. లేపబోయిన వాళ్లను తల్లి తిట్టిన తిట్లు ఊరంతా చెప్పుకున్నారు.

కానీ నాకు గుర్తుండేది అదేదీ కాదు. దవాఖానలో మొదటి నిద్ర చేయించిన మరునాటి పొద్దు.

ఆ రోజు ఆటోలో నా ప్రార్థన సాగలేదు. దవాఖాన గేటు దగ్గర దిగేసరికి, లోపలి నుంచి డాక్టరు బూట్లు చేత్తో పట్టుకుని, సాక్సుల మీద, పిల్లిలా నడిచి వస్తున్నాడు. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. కాన్పుల గది పక్కన వార్డు గుమ్మంలో ఆశా స్టూలు వేసుకుని కూర్చుంది. అటు వచ్చిన ఒకాయనకు చెప్పులు విప్పించి, "దగ్గు గిట్ల వస్తే బయటికి వోయి దగ్గు" అని గుసగుసగా గదమాయిస్తోంది. అమ్మమ్మ కింద చాప మీద కూర్చుని, మనవడికి ఉగ్గుగిన్నెతో పాలు పడుతోంది. వాడి కళ్లు పెద్దవిగా తెరుచుకుని ఉన్నాయి. మంచం మీద వాడి తల్లి.

ఒక పక్కకు తిరిగి, మోకాళ్లు ముడుచుకుని, నోరు కొంచెం తెరిచి పడుకుంది. తలగుడ్డ జారిపోయింది. కిటికీలోంచి ఎండ ముఖం మీద పడుతున్నా కదల్లేదు. నేను ఎందరినో నిద్రలో చూశాను, అది నా ఉద్యోగం. కానీ నిద్ర ఇంత అందమైన వరమని, తన ప్రియులకు దేవుడు ఇచ్చేది ఇదేనని, వాక్యంలో ఎన్నిసార్లు విన్నా ఆ పొద్దున మొదటిసారి కళ్లతో చూశాను.

అలవాటే కదా, రెండు చేతులూ ఎత్తి, "స్తోత్రం ప్రభువా—" అని పైకే మొదలుపెట్టాను.

అమ్మమ్మ చటుక్కున లేచింది. ఒక చేత్తో మనవణ్ణి పట్టుకుని, పాలు అంటిన రెండో చేత్తో నా నోరు మూసేసింది.

"ష్... నా బిడ్డ పన్నది. మనసుల జేస్కో."

మనసులోనే చేసుకున్నాను.